పెట్రోలు లెక్కలో తేడా

కారు గొడవ మొదలై మూడు వారాలైంది. పంతొమ్మిదేళ్ళు కూడా నిండని పిల్ల, సాయంత్రాలు సరుకుల దుకాణంలో బిల్లింగ్ కౌంటర్ దగ్గర నిలబడి కూడబెట్టుకున్న నలభై రెండు వేలూ పోసి, ఇంట్లో మాటమాత్రమైనా చెప్పకుండా ఒక పాత కారు కొని తెచ్చి మెట్ల పక్కన నిలబెట్టింది. తండ్రి మూడు రోజులు దానివైపు కన్నెత్తి చూడలేదు. నాలుగో రోజు చూసి, అమ్మేయమన్నాడు. నెలాఖరుకి ఇన్సూరెన్స్ గడువు తీరిపోతోంది, పద్నాలుగు వేలు సర్దమని పిల్ల అడిగినప్పుడు మాటా మాటా పెరిగి, చివరికి ఇద్దరూ ఒక ఒప్పందానికి వచ్చారు. ఈ బండిని ఏడాది పొడుగునా ఎలా మేపుతావో నెలనెలకీ రాసి చూపించాలి. లెక్క నిలబడితే ఇన్సూరెన్స్ ఆయన కడతాడు. నిలబడకపోతే కారు అమ్మేయాలి.

ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక పిల్ల పుస్తకం తెచ్చి బల్ల మీద పెట్టింది. ఇద్దరే మనుషులున్న ఇల్లది. తల్లి ఇల్లు వదిలి వెళ్ళి ఆరేళ్ళు. ఆ బల్ల దగ్గర మూడో కుర్చీ మీద ఎప్పుడూ ఇస్త్రీ చేయాల్సిన బట్టలుంటాయి.

తండ్రి కళ్ళజోడు పెట్టుకున్నాడు. ఆయన పని లారీల కాటా దగ్గర. సరుకుతో వచ్చిన లారీని ఇనుప పలక మీదికి ఎక్కించి బరువు రాయడం, అది ఖాళీ చేసుకుని తిరిగొచ్చాక మళ్ళీ రాయడం, మధ్య తేడా చూసి చీటీ మీద సంతకం పెట్టడం. ఇరవై రెండేళ్ళుగా అదే పని. ఒక చక్రం పలక అంచు మీద నిలిపే డ్రైవర్లనీ, తూకానికి ముందు ట్యాంకులో నీళ్ళు నింపుకొచ్చే డ్రైవర్లనీ ఆయన కిటికీలోంచే పట్టేస్తాడు. అందుకే వాళ్ళు ఆయన్ని కాటా మాస్టారంటారు. ఎదురుగా ఉన్నప్పుడు మర్యాదగా, లేనప్పుడు పళ్ళు నూరుతూ.

పిల్ల రాత ముత్యాల్లా ఉంది. ఇన్సూరెన్స్ పద్నాలుగు వేలు. వెనక టైర్లు రెండూ అరిగిపోయాయి, కొత్తవి కొనే స్తోమత లేదు కాబట్టి వాడినవి, ఐదు వేలు. బ్యాటరీ వచ్చే చలికాలం దాటదని మెకానిక్ చెప్పాడు, నాలుగు వేలు. ఆయిల్ మార్పు ఏడాదికి రెండుసార్లు. ఎడమ తలుపు బయటి నుంచి తెరుచుకోదు, దాన్ని బాగు చేయించనవసరం లేదు, లోపల కూర్చున్నవాళ్ళు తీస్తారు. అనుకోని ఖర్చుకు నెలకి ఎనిమిది వందలు పక్కన. దుకాణం జీతం, సెలవు రోజుల్లో అదనపు డ్యూటీ, మధ్యాహ్నం క్యాంటీన్ మానేస్తే మిగిలేది, అన్నీ మరో పక్కన.

తండ్రికి లోపల ఎక్కడో గర్వంగానే అనిపించింది. ఏనుగును కొని అంకుశానికి వెనకాడే రకం కాదు తన పిల్ల అనుకున్నాడు. ఆ మాట పైకి అనలేదు. పేజీ తిప్పి పెట్రోలు దగ్గరికి వచ్చాడు.

నెలకి నూటపదిహేను లీటర్లు అని ఉంది.

ఆయన వేలు అక్కడే ఆగింది. కాలేజీకీ దుకాణానికీ తిరిగి ఇంటికీ కలిపి రోజుకి పదకొండు కిలోమీటర్లు. ఎంత తాగుబోతు బండి అయినా నెలకి పాతిక లీటర్లు దాటకూడదు. ఇక్కడ దాదాపు ఐదింతలు రాసి ఉంది. పొరపాటున రాసిందేమో అనుకునే వీలు కూడా ఆయనకి లేదు. కారు వచ్చిన రోజున, చూడనట్టే ఉంటూ, పిల్ల స్నానానికి వెళ్ళినప్పుడు దిగి వెళ్ళి మీటరు అంకె జేబు పుస్తకంలో రాసుకున్నాడు. అది వృత్తి అలవాటు. ఈరోజు పొద్దున మళ్ళీ వెళ్ళి చూశాడు. ఇరవై ఒక్క రోజుల్లో పన్నెండు వందల ఇరవై ఎనిమిది కిలోమీటర్లు తిరిగింది బండి.

జేబు పుస్తకం తీసి ఆ రెండు అంకెలూ చూపించాడు. పిల్ల ముఖం పాలిపోయింది గానీ తల దించుకోలేదు.

అద్దెకి తిప్పుతున్నావా అని అడిగాడు. లేదంది. ఎవరైనా అబ్బాయా అని, ఆ మాట అనడం ఇష్టం లేకుండానే అడిగాడు. పిల్లకి చిన్నగా నవ్వొచ్చింది, వచ్చినట్టే పోయింది.

"అమ్మ దగ్గరికి వెళ్తున్నా నాన్నా," అంది.

ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి, మళ్ళీ పెట్టుకున్నాడు.

తరవాతిదంతా పిల్ల తనే చెప్పుకుంటూ పోయింది, ఎప్పటి నుంచో వరసగా పేర్చి పెట్టుకున్నట్టు. ఎనిమిది నెలల కిందట అమ్మ అద్దెకుండే ఇంటావిడ దుకాణానికి ఫోను చేసిందట. నలభై అయిదు కిలోమీటర్ల దూరంలో ఉందట అమ్మ, ఒక పెద్ద వంటశాలలో గిన్నెలు తోమే పని చేస్తూ. కాళ్ళు వాచి, ఆయాసం వచ్చి పడిపోతే ఆసుపత్రిలో చూసి, కిడ్నీలు రెండూ పోయాయన్నారు. మంగళ, గురు, శని, వారానికి మూడుసార్లు డయాలిసిస్. నాలుగు గంటలు మిషను మీద పడుకుని లేచాక రెండు బస్సులు మారి ఇల్లు చేరాలి. ఒకసారి బస్సులో వాంతి చేసుకుంటే కండక్టరు దారిలో దించేశాడు. ఇంకోసారి బస్సు మెట్ల మీదే కళ్ళు తిరిగి పడి నుదురు పగిలింది. ఆ కుట్లు చూసిన రోజే కారు కొనాలనుకున్నానంది పిల్ల. పొద్దున క్లాసులు మూడు రోజులు పోతున్నాయి, నోట్సు స్నేహితురాలు ఇస్తోంది.

"నాకెందుకు చెప్పలేదు?" అన్నాడు.

"చెప్తే ఏం చేసేవాడివి?"

అమ్మ ఎందుకు వెళ్ళిపోయిందని పిల్ల ఆరేళ్ళుగా అడుగుతూనే ఉంది, మనతో ఉండటం ఆవిడకి ఇష్టం లేదని ఆయన చెబుతూనే ఉన్నాడు. ఇప్పుడు అమ్మనీ అడిగిందట. మీ నాన్నని అడుగు అని ఊరుకుందట ఆవిడ.

మాట తప్పించడానికే ఆయన పుస్తకంలోకి చూశాడు. చూడకపోయినా బాగుండేది. పెట్రోలు వరసలో మొదటి నాలుగు నెలలూ నూటపదిహేను. ఐదో నెల సున్నా. ఆరో నెల సున్నా. ఏడో నెల నుంచి ఏడాది చివరిదాకా పాతిక లీటర్లే. సరుకు దించేసిన లారీ అంకెలా ఉంది అది. ఆ బరువు ఎక్కడ దిగిందో ఆయనకి అర్థమైంది.

"నాలుగు నెలలేనన్నారా మీ అమ్మకి?" అన్నాడు.

పిల్ల పుస్తకం తనవైపు తిప్పుకుని చూసింది. ఆయన ఏమనుకున్నాడో తెలిసి, వెంటనే తల అడ్డంగా ఊపింది.

"అది కాదు నాన్నా. ఐదో నెలలో ఆపరేషన్. తరవాత రెండు నెలలు నేను డ్రైవ్ చేయకూడదట. కిడ్నీ నేనే ఇస్తున్నా."

ఆ తరవాత అమ్మకి డయాలిసిస్ అక్కర్లేదు కాబట్టి పెట్రోలు తగ్గుతుందని, ఇన్సూరెన్స్ గండం గట్టెక్కితే చాలు, మిగిలిన లెక్కంతా సరిపోతుందని వివరంగా చెప్పింది. కిడ్నీ సరిపోతుందో లేదో చూడటానికి రక్తం పోయిన వారమే ఇచ్చిందట. అమ్మకి ఇంకా తెలియదట, తెలిస్తే ఒప్పుకోదని. తల్లీకూతుళ్ళ రక్తంలో గుర్తులు సగమైనా కలిసి తీరతాయని డాక్టరు ధైర్యం చెప్పాడట.

ఆయన వద్దన్నాడు. ఎందుకని అడిగితే, చిన్నపిల్లవన్నాడు, ముందు ముందు జీవితం ఉందన్నాడు, ఇంకా ఏవేవో అన్నాడు. ఏ మాటా నిలబడలేదు.

"నీ సంతకం అక్కర్లేదు, నాకు పద్దెనిమిది దాటాయి," అంది పిల్ల. "ఇన్సూరెన్స్ ఒక్కటే అడిగాను. లెక్క నిలబడిందా లేదా చెప్పు."

నిలబడిందన్నాడు ఆయన. అంతకన్నా ఒక్క మాట ఎక్కువ మాట్లాడినా తెలిసిపోతుందని భయపడి లేచి వెళ్ళి మొహం కడుక్కున్నాడు.

డాక్టరుకి తెలియనిది, పిల్లకి తెలియనిది, ఈ ఊళ్ళో ఇంకెవరికీ తెలియనిది ఆయన ఒక్కడికే తెలుసు. కాదు, ఇద్దరికి తెలుసు. పిల్లని కన్నతల్లి పదకొండు రోజుల పసిగుడ్డుని వదిలి కన్నుమూసింది. పిల్లకి తొమ్మిదో నెలలో ఆయన రెండో పెళ్ళి చేసుకున్నాడు. అప్పటికి ఆ పిల్ల ఎవరి చేతి పాలూ తాగేది కాదు, ఎముకలగూడులా ఉండేది. వచ్చినావిడ ఉద్యోగం మానుకుని, నిద్ర మానుకుని, చెంచాతో చుక్క చుక్క పోసి దాన్ని బతికించింది. పిచ్చుకలా నోరు తెరుస్తోందని పిట్ట అని పిలిచింది, ఇంట్లో ఆ పేరే ఉండిపోయింది. దానికి రెండేళ్ళప్పుడు ఈ ఊరికి మారారు. సవతి అనే మాట పిల్ల చెవిన ఎప్పుడూ పడకూడదని ఆయనే అన్నాడు, ఆవిడ సంతోషంగా ఒప్పుకుంది.

మరి ఆ మాట ఆవిడతో అన్నది కూడా ఆయనే. పిల్లకి పదమూడో ఏడు. ఏదో తెమ్మని ఆవిడ దుకాణానికి పంపితే సైకిల్ మీద నుంచి పడి చెయ్యి విరగ్గొట్టుకుంది. డ్యూటీ నుంచి వచ్చి కట్టు చూసి, కోపంలో, వంటగదిలోకి వెళ్ళి, కన్నదానివైతే ఇలా పంపేదానివా అన్నాడు. కాలు జారితే తీసుకోగలం, నోరు జారితే తీసుకోలేం. ఆవిడ ఆరు వారాలు పిల్లకి స్నానం చేయించింది, జడ వేసింది, అన్నం తినిపించింది. కట్టు విప్పిన రోజు సాయంత్రం, పిల్ల పెన్ను పట్టుకుని తన పేరు సరిగ్గా రాయగలుగుతోందని చూసుకుని, ఒక సంచీతో వెళ్ళిపోయింది. వెనక్కి పిలవడానికి ఆయన వెళ్ళలేదు. మొదట పౌరుషం అడ్డొచ్చింది, తరవాత సిగ్గు, ఆ తరవాత అలవాటైపోయింది.

సోమవారం మధ్యాహ్నం కాటా దగ్గర గంట సేపు సెలవు అడిగి వెళ్ళి పద్నాలుగు వేలూ కట్టేశాడు. రసీదు తెచ్చి పిల్ల చేతిలో పెట్టి, రేపు నేనూ వస్తానన్నాడు. పిల్ల ఆయన ముఖంలోకి చాలాసేపు చూసి, వెనక సీట్లో కూర్చోవాలి మరి, ముందుది అమ్మది అంది.

మంగళవారం తెల్లారాక బయలుదేరారు. ఆ కారు ఎక్కడం ఆయనకి అదే మొదలు. ముందు సీటు వీలైనంత వెనక్కి వాల్చి ఉంది, దాని మీద ఉతికిన తువ్వాలు, కింద మూత ఉన్న ప్లాస్టిక్ బకెట్. ఆయన మోకాళ్ళు ముడుచుకుని వెనక ఒక పక్కన ఒదిగాడు. పిల్ల బండి జాగ్రత్తగా నడిపింది. గతుకు కనబడితే ముందే నెమ్మది చేస్తోంది. ఎవరి కోసం నేర్చుకున్న నెమ్మదో ఆయనకి తెలిసింది.

ఒక ఇరుకు వీధిలో, మూడంతస్తుల ఇంటి ముందు ఆగింది కారు. గోడ పట్టుకుని ఒక్కొక్క మెట్టూ దిగి వచ్చింది ఆవిడ. ఆయన ముందు గుర్తుపట్టలేదు. ముఖం నల్లబడి, చేతి మీద నరాలు తాడులా ఉబ్బి, నుదుటి మీద కుట్ల గీత. పిల్ల లోపలి నుంచి ఒరిగి ఎడమ తలుపు తీసింది. కూర్చోబోతూ ఆవిడ వెనక సీటు చూసింది. ఒక చెయ్యి తలుపు మీద ఉండిపోయింది. తరవాత కూర్చుని, పిట్టా, కిటికీ కొంచెం దించవే అంది. దారిపొడుగునా ఆవిడ అన్నది ఆ ఒక్క మాటే.

డయాలిసిస్ సెంటరు ఒక పాత భవనం కింది అంతస్తులో ఉంది. హాల్లో ఎనిమిది మంచాలు, పక్కన ఎనిమిది మిషన్లు. పిల్ల కారు నిలపడానికి చోటు వెతుక్కుంటూ వెళ్ళింది. మిషను ఎక్కించే ముందు బరువు చూడాలని ఆయా ఆవిణ్ణి ఒక తూకం మిషను మీద నిలబెట్టింది. ఎంత నీరు చేరిందో, ఎంత తీయాలో ఆ అంకెని బట్టే చెప్తారట. ఆయన కళ్ళు వాటంతటవే అంకె మీదికి వెళ్ళాయి. నలభై మూడున్నర.

"ఇక్కడా కాటా వెయ్యడానికే వచ్చారా?" అంది ఆవిడ. ఆరేళ్ళలో ఆయనతో మొదటి మాట. హాస్యమాడుతోందో ఏడుస్తోందో ఆయనకి తెలియలేదు.

మంచం మీద పడుకోబెట్టి రెండు సూదులు గుచ్చి గొట్టాలు తగిలించారు. మిషను తిరగడం మొదలై ఎర్రటి గొట్టం కదిలాక ఆయన స్టూలు దగ్గరికి లాక్కున్నాడు. క్షమించమని అడగాలని దారంతా అనుకున్నాడు గానీ, నోటికి వచ్చింది వేరే. పిట్ట నీకు కిడ్నీ ఇస్తానంటోంది, పోయిన వారం రక్తం ఇచ్చింది అని చెప్పాడు.

ఆవిడ కళ్ళు మూసుకుంది. మూసిన రెప్పల కింది నుంచి నీరు చెవి వైపు జారింది. తుడుచుకోవడానికి ఒక చేతికి సూదులున్నాయి, రెండో చెయ్యి ఎత్తే ఓపిక లేదు. ఆయన తుడవబోయి ఆగిపోయాడు.

"దాని కిడ్నీ నేను తీసుకోను," అంది. "అది వేరే సంగతి. రక్తం ఇచ్చిందంటే మాత్రం ఆ కాగితం చెప్పేస్తుంది. కాగితం కన్నా ముందు మీరు చెప్పండి."

నువ్వు చెబితే తట్టుకుంటుందేమోనన్నాడు ఆయన.

"నేను చెప్పను. ఈ పద్దెనిమిదేళ్ళలో నాకు ఒక్కసారైనా ఆ మాట నోటికి రాలేదు. మీకు వచ్చింది. నాతో అనగలిగారుగా, ఆ నోటితోనే దానికీ చెప్పండి."

ఆయన తల వంచుకున్నాడు. ఈరోజే చెప్తానన్నాడు. తిరిగి వెళ్ళేటప్పుడు, నిన్ను ఇంట్లో దించాక, కారు ఎక్కడైనా పక్కకి ఆపించి చెప్తానన్నాడు. కళ్ళు తెరవకుండానే ఆవిడ తలాడించింది. కాసేపటికి చల్లబడ్డ ఆ వేళ్ళ మీద ఆయన చెయ్యి వేశాడు. ఆవిడ తీసేయలేదు, పట్టుకోనూ లేదు.

పిల్ల వచ్చింది. వస్తూ వస్తూ కౌంటర్ దగ్గర ఆగినట్టుంది, చేతిలో ఒక కవరు. వెనకే ఒక నర్సు. పిల్ల ముఖంలో చిరాకూ నవ్వూ కలిసి ఉన్నాయి. అమ్మకి వినబడకుండా ఆయన చెవి దగ్గరికి వంగింది.

"రిపోర్టు రెండు రోజులు ముందే వచ్చింది నాన్నా. చూడు ఏం రాశారో, అమ్మకీ నాకూ ఒక్క గుర్తూ కలవలేదట, తల్లీకూతుళ్ళు అయ్యే వీలే లేదట. శాంపుల్ మారిపోయి ఉంటుంది, మళ్ళీ తీసుకుంటామంటున్నారు. నువ్వెలాగూ ఉన్నావుగా, నీదీ ఇస్తే మంచిదట."

గొంతు తగ్గించినా ఆవిడకి వినబడింది. మిషను పక్కన దిండు మీద తల ఇటు తిరిగింది. ఆ కళ్ళు పిల్లని చూడలేదు, ఆయన్నే చూశాయి. నర్సు పక్క గది తలుపు పట్టుకుని నిలబడి, పెద్దాయనా, మీరు ముందు రండి అంది. పిల్ల అప్పటికే చేతి గాజులు పైకి తోసుకుని, లోపలికి అడుగు వేయబోతోంది.

ఆయన లేచి నిలబడ్డాడు. స్టూలు వెనక్కి పడింది.

"ఆగు పిట్టా," అన్నాడు. "శాంపుల్ మారలేదు."